కూతురి చెట్టు, తండ్రి చెట్టు

మా మకియాన్ దీవిలో బిడ్డ పుడితే ఒక లవంగం మొక్క నాటుతాం. చెట్టు బాగుంటే బిడ్డ బాగుంటుంది. అందుకే, దీవిలోని లవంగం చెట్లన్నీ కొట్టేయాలని సుల్తాన్ ఆజ్ఞ వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లంతా పిల్లలను ఇళ్లలోకి పిలుచుకున్నారు.

డచ్చి తెల్లవాళ్ల కంపెనీ సుల్తాన్‌తో ఒప్పందం చేసుకుందట. లవంగాల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లు, వాటి కోసమే పోర్చుగీసువాళ్లతో తన్నుకున్నవాళ్లు, ఇప్పుడు ఆ చెట్లే ఉండకూడదంటున్నారు.

నా తమ్ముడు తాలిబ్‌ను కూడా నరికే పనిలో పెట్టారు. వాడి కూతురు సలామా పుట్టినప్పుడు నాటిన చెట్టు ఆ ఏడే మొదటి మొగ్గ తొడిగింది. వాడి భార్య మైమూనా ఆడపడుచునైన నన్ను వెంటబెట్టుకుని, కాపలా ఉన్న తెల్ల సిపాయి దగ్గరికి వెళ్లింది.

"లవంగాలు కావాలనే గదయ్యా మీరొచ్చింది? మరి నరకడమేంటి?" అని అడిగింది.

పక్కనున్న దుబాసీ అతన్ని అడిగి మా మాటలో చెప్పాడు. "ఎక్కువుంటే ధర పడిపోద్దంట. ఆంబోన్ దీవిలో సరిపడా చెట్లు ఉంచారంట."

"ఎవరికి సరిపడా?"

సిపాయి ఏదో గొణిగాడు. దుబాసీ నవ్వాడు. "వాళ్లమ్మ ఇంతవరకూ లవంగం రుచే చూళ్లేదంట, కొనలేక. తనకీ ఏం అర్థం కావట్లేదంటున్నాడు."

సలామా చెట్టును తాలిబే నరికాడు. పరాయి చెయ్యి పడనివ్వకూడదనుకున్నాడో ఏమో. మైమూనా తలుపు వేసుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, గొడ్డలి చప్పుడు వినబడినప్పుడల్లా దాని నుదురు తడిమి చూసింది. చెట్టు కూలింది. సలామా ఒళ్లోంచి జారి, ఆకలేస్తోందని సగ్గు రొట్టె అడిగింది.

మర్నాడూ ఏమీ కాలేదు. ఆ పై నెలా ఏమీ కాలేదు. మైమూనాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. పెద్దలు చెప్పింది అబద్ధమా, రావలసింది ఇంకా రాలేదా అని నన్ను అడిగేది.

వానలు తగ్గుముఖం పట్టే వేళకు తాలిబ్‌కు జ్వరం తగిలింది. మందులూ మంత్రాలూ పని చేయలేదు. పోయాడు.

వాణ్ణి మట్టిలో పెట్టిన కొన్నాళ్లకు, కట్టెల కోసం నేనూ మైమూనా కొండ ఎక్కాం. వాగు మలుపులో, బండల వెనక, నరికేవాళ్ల కంటపడని చెట్టొకటి నిలబడి ఉంది. తాలిబ్ పుట్టినప్పుడు మా నాన్న నాటిన చెట్టే అది; అదీ పోయిందనే అనుకున్నాను. కొమ్మ కొమ్మకూ ఎర్రటి మొగ్గలు.

మైమూనా దాన్ని కింది నుంచి పైదాకా చూసింది. "చెట్టు పోయిన పిల్ల బతికింది. చెట్టున్న మనిషి పోయాడు. ఇదేంటి వదినా?"

మరుసటి ఏడు మిగిలిన చెట్లను వెతకడానికి సిపాయిలు మళ్లీ వచ్చారు. మైమూనా నోరు విప్పదనే అనుకున్నాను. తానే ముందు నడిచింది. వాగు దగ్గర ఆగింది, వెనక్కి తిరిగింది, మళ్లీ ముందుకే వెళ్లింది. బండల వైపు చెయ్యి చూపించింది.

ఎందుకు చూపించావని ఇంటికొచ్చాక అడిగాను.

"చెప్పాలనీ పోలేదు, దాచాలనీ పోలేదు వదినా. కాళ్లే తీసుకుపోయాయి."

తమ్ముడి చెట్టు కొట్టించినందుకు నాకు కోపం రావాలి. వచ్చిందో లేదో ఇప్పటికీ చెప్పలేను.