మార్లిస్ ఇంట బొమ్మ పడిన రోజు

పొద్దున్నే ఆవులకు గడ్డి వేసి వచ్చాక మార్లిస్ వోపట్ ఒక బకెట్టు నీళ్ళు యాంటెనా మొదట్లో పోసేది. పెళ్ళయిన కొత్తలో మొగుడు డ్వేన్ పెరట్లో పాతిన ఇనప గొట్టం అది. ఏడాది తిరక్కుండానే వేళ్ళు తన్నింది. అప్పట్నించీ ఏటా మంచు కరగ్గానే జానెడు ఎదిగి, కొసన కొత్త పుల్ల ఒకటి వేస్తుంది.

"మీది భలే ఏపుగా ఉందే. ఓ కొమ్మ విరిచివ్వరాదూ, నాటుకుంటాను" అనేది పక్క పశువుల దొడ్డి ఆవిడ ఫెర్న్, వచ్చినప్పుడల్లా.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఇసక గుట్టల్లో ఉన్న వాళ్ళ ఊరు టర్లీకి దగ్గర్లో ఏ టీవీ స్టేషనూ లేదు. డిష్షులో ప్రపంచమంతా వస్తుంది గానీ సొంత రాష్ట్రం ఆటలు రావు. అవి గాలిలో వచ్చేవి, పట్టుకోగలిగితేనే. అందిన రోజు గడ్డిపరక కూడా విడిగా కనబడేంత తేటగా బొమ్మ పడుతుంది. అందకపోతే అసలు పడదు.

ఆ ఫిబ్రవరి శనివారం మధ్యాహ్నం ఊళ్ళో సగం మంది మార్లిస్ ముందుగదిలో ఉన్నారు. ఆమె కూతురు లిబీ, పదిహేడేళ్ళది, రాష్ట్రం మొత్తం మీద ఆడపిల్లల కుస్తీ ఆఖరి పోటీకి చేరింది. ఆ జిల్లా నుంచి అంతదాకా వెళ్ళిన పిల్ల ఇంకొకతె లేదు. డ్వేన్ వెంట వెళ్ళాడు. ఆవులు ఈనే రోజులు కనక మార్లిస్ ఆగిపోయింది. ఆగిపోయినందుకు పొద్దుట్నించీ గిన్నెల మీద కోపం చూపిస్తోంది.

"ఆడపిల్లల కుస్తీ కోసం ఈ మంచులో వచ్చాననుకునేరు! మార్లిస్ చేసిన చిల్లీ కోసం వచ్చాను" అన్నాడు ముసలి ఎమిల్, దాల్చినచెక్క రొట్టె ఆ మాంసం పులుసులో ముంచుకుంటూ.

"కోతలు కొయ్యకు తాతా! తెల్లారకముందే బూట్లేసుకు కూచున్నావని మీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది" అంది ఫెర్న్. అందరూ గొల్లుమన్నారు.

లిబీ పేరు పిలిచారు. పిల్ల కుస్తీ చాప మీదికి నడిచింది. అంతలో బొమ్మ చతురస్రాలుగా చిట్లి, నిలిచిపోయి, నల్లబడింది.

"గుట్ట అడ్డమొస్తోంది. తడి మంచుకి పుల్లలు వంగినట్టున్నాయి" అన్నాడు ఎమిల్.

మార్లిస్ కోటు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళింది. మొదట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, చలికి బిగుసుకున్న గొట్టం మీద అరచెయ్యి ఆనించింది.

"అక్కడ ఉన్నది నా బిడ్డ. పద నాన్నా, ఇంకొంచెం" అంది.

గొట్టం కిర్రుమంది. పుల్లల మీది మంచు జలజలా రాలింది. గుట్ట తల దాటేదాకా ఎదిగి, తూర్పుకు తిరిగి ఆగింది.

"వచ్చింది! మార్లిస్, రా రా!" లోపల్నించి కేకలు.

ఆమె వచ్చేసరికి లిబీ ఒక పాయింటు వెనకబడి ఉంది. ఎదుటి పిల్ల పొడగరి, మెరుపులా కాళ్ళ మీదికి దూకుతోంది. బొమ్మ ఎంత తేటగా ఉందంటే లిబీ కనుబొమ మీద చెమట బొట్టు కూడా కనబడుతోంది. మార్లిస్ మాత్రం కూతుర్ని చూడటం మానేసి ఎదుటి పిల్ల కాళ్ళనే చూసింది. తన్నబోయే పెయ్య కాలి మీంచి బరువు ఎలా తీస్తుందో ఆమె చిన్ననాటి నుంచీ చూస్తోంది. దూకే ముందు ప్రతిసారీ ఆ పిల్ల ఎడమ మడమ పైకి లేస్తోంది.

పొడగరి పిల్లకు ముక్కులోంచి రక్తం వచ్చి ఆట ఆపారు. మార్లిస్ ఫోన్ అందుకుంది.

"డ్వేన్, నోరు మూసుకుని విను. దాని ఎడమ మడమ లేచిందంటే దూకుతుంది. లిబీకి చెప్పు."

"నీకెలా తెలుసే? నాకిక్కణ్ణించే కనబళ్ళేదు!"

"నాకు కనబడింది. గట్టిగా అరిచి చెప్పు, మొద్దూ!"

డ్వేన్ అరిచిన అరుపు టీవీలోంచి ఆ గదిలోకి వినబడింది. లిబీ తల తిప్పకుండానే గడ్డం ఒక్కసారి ఊపింది.

మళ్ళీ ఆట మొదలైంది. మడమ లేచింది. ఈసారి లిబీ ముందే పక్కకు జరిగి, వంగిన ఆ పిల్ల వెనక్కి పోయి, నడుం పట్టి నేలకు అదిమేసింది. గంట మోగేదాకా వదల్లేదు.

గది ఎగిరి గంతేసింది. ఫెర్న్ ఏడుస్తోంది. ఎమిల్ జాతీయగీతానికి నిలబడ్డట్టు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. చాప పక్కనే కూచున్న ఒక కాలేజీ శిక్షకురాలు లేచి లిబీ వైపు నడవటం తెర మీద అందరికీ కనబడింది. ఆ నడకతోనే లిబీ చదువు, ఊరు, బతుకు అన్నీ మారాయి. కానీ ఆ సమయంలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. అప్పటికే ఎవరో లిబీ నోటి ముందు మైకు పెట్టారు.

"ఎక్కణ్ణించి వచ్చావమ్మా?"

పిల్ల ఇంకా రొప్పుతోంది. ఊపిరి తీసుకుని, రాష్ట్రమంతా వినేలా చెప్పింది.

"టర్లీ."

"అదెక్కడుంది?"

లిబీ సూటిగా కెమెరాలోకి చూసింది.

"ఇప్పుడు మనల్ని చూస్తోంది" అంది.