చప్పుడు చేయని బండపెట్టె

ముందు మా శివశంకర్ మీసం గురించి చెప్పాలి. అది లేకపోతే ఈ కథ లేదు. నందికొట్కూరులో నిమ్మకాయ నిలబెట్టే మీసాలు చాలానే ఉన్నాయి. వాడి మీసం మీద ఒకసారి బనగానపల్లె మామిడికాయ నిలబడింది, పండేదాకా దిగలేదు. నేను చూశాను. అన్న కొడుకు కాబట్టి పొగుడుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి.

విత్తనాల దుకాణం నడుపుకునే ఆ మనిషికి రెండువేల ఏడులో, ఎండలు ముదరకముందే, ఒక పిచ్చి పట్టింది. ఇంటి హాల్లో సినిమా హాలు పెట్టాలి. దాన్ని నడిపే కంప్యూటర్ తన చేత్తోనే బిగించాలి. అది ఊపిరి తీసిన చప్పుడు కూడా బయటికి రాకూడదు. అంగట్లో కొన్న కంప్యూటర్లలో ఫ్యాను గిర్రుమంటుందట, హీరోయిన్ గుసగుసగా చెప్పే మాట ఆ రొదలో కలిసిపోతుందట. ఇంట్లో భార్య యామిని గట్టిగా చెప్పే మాట ఎప్పుడైనా విన్నావా అని నేను అడగలేదు.

సికింద్రాబాదు వెళ్ళి పార్టులు తెచ్చాడు. తక్కువ వేడెక్కే ప్రాసెసర్, దాని నెత్తిన ఫ్యానుకు బదులు అల్యూమినియం రెక్కల దిమ్మె, ఫ్యాను లేని పవర్ సప్లై. సినిమాలన్నీ దాచే హార్డ్ డిస్కు తిరిగేటప్పుడు సన్నగా అదురుతుందని, పాత సైకిలు ట్యూబు కోసి, ఆ పట్టీలతో దాన్ని ఉయ్యాలలో బిడ్డలా వేలాడదీశాడు. ఇక పెట్టె. రేకుదైతే మోగుతుందని బేతంచెర్ల నాపబండలు పాలిష్ పట్టించి చేయించాడు. గాలికి వెనకవైపు నాలుగు బొక్కలు. దాన్ని వరండాలోంచి హాల్లోకి చేర్చడానికి ఆరుగురు పట్టారు. ఏడోవాడు పక్కన నిలబడి 'ఐలెస్సా' అన్నాడు. ఆ బరువైన పని నాదే.

ఉగాది పోయిన వారం, యామిని తమ్ముడు ప్రదీప్‌కుమార్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. కర్నూలులో కూల్‌డ్రింకుల ఏజెన్సీ వాడిది. హాల్లో అడుగు పెడుతూనే ఆగిపోయాడు.

"బావా, ఇది కంప్యూటరా, సమాధా?"

"చెయ్యి పెట్టి చూడప్పా, ఎంత చల్లగా ఉండాదో."

"పొద్దున పదికి చల్లగానే ఉంటాది. మూడుకి దీని మీద దోసె పోయొచ్చు. ఫ్యాను లేకుంటే మా ఫ్రిజ్జులే మూలుగుతాయి, ఇదెంత!"

"నా పెట్టె మూలగదు, దగ్గదు, తుమ్మదు. దీంట్లోంచి చప్పుడొచ్చిందంటే ఈ మీసం తీయించుకుంటా!"

యామిని వంటింట్లోంచి గబగబా వచ్చింది గానీ మాట అప్పటికే గడప దాటింది.

"రాకుంటే నువ్వేం చేస్తావో చెప్పు" అన్నాడు శివశంకర్.

"నీ సమాధికి సాష్టాంగం పడతా బావా."

తీర్పు చెప్పే పని ప్రదీప్ తల్లి కృష్ణవేణమ్మకు అప్పగించారు. ఆమె చెవులు అటువంటివి. తోటలో కాయ రాలితే వంటింట్లోంచే ఏ చెట్టుదో చెప్పేది. ఒకసారి ఓర్వకల్లు దగ్గర బస్సులో నేను ఆమె గురించి గొణుక్కున్న మాటకు నందికొట్కూరులో కూర్చునే జవాబిచ్చింది. ఆమెకు ఒకపక్క కన్నకొడుకు, ఇంకోపక్క అల్లుడి మీసం.

ఆదివారం పదకొండు గంటలకు తలుపులు మూశారు. పైన ఫ్యాను ఆపారు, కూలర్ ఆపారు. సినిమా పెట్టి దాని గొంతు నొక్కేశారు. కృష్ణవేణమ్మ బండకు చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. పావుగంట గడిచేసరికి గదిలో మేం అయిదుగురమూ ఉడికిన శనక్కాయలమయ్యాం.

"ఏమ్మా?" అన్నాడు ప్రదీప్.

"ఏం లేదురా. బండ బండ మాదిరే ఉండాది."

శివశంకర్ ఎడమ మీసం ఒక మెలి, కుడి మీసం ఒక మెలి తిప్పాడు. "నేను ముందే చెప్పలేదా అత్తమ్మా? నా పెట్టె చప్పుడు చేయదు!"

కిచ్. కిచ్. కిచ్.

పెట్టెలోంచే. తెర మీద బొమ్మ రెప్పపాటు ఆగి మళ్ళీ కదిలింది. దాన్ని చూసే తీరిక ఎవరికుంది? కృష్ణవేణమ్మ వేలు తనంతట తానే బండను మూడుసార్లు తట్టింది, నోరు "సత్యం" అంది. యామిని గోడను తట్టింది. అబద్ధమెందుకు, నేను కుర్చీ చెయ్యి తట్టాను.

ప్రదీప్ ఎగిరి గంతేశాడు. "వచ్చినాది చప్పుడు! కటింగ్ షాపు నారాయణను పిలువండప్పా!"

"నోర్ముయ్‌రా. అది బల్లి" అంది కృష్ణవేణమ్మ.

"బల్లయితేనేం? వచ్చింది పెట్టెలోంచే కదా!"

"బల్లి నా పార్టు కాదు" అన్నాడు శివశంకర్. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఈడికొచ్చి చూడు, సికింద్రాబాదు బిల్లులో బల్లి యాడుండాదో చూపించు."

అందరూ నావైపు తిరిగారు. పెద్దవాణ్ణి కదా, నాకు తోచిన నిప్పు నేను వేశాను. "బల్లి ఏమని సాక్ష్యం చెప్పినాది? పెట్టె చప్పుడు చేయదని. సాక్ష్యాన్ని నమ్మితే మావాడు గెల్చినాడు. సాక్షి పెట్టెలోంచే నోరు తెరిచినాది గాబట్టి మావాడే ఓడినాడు. న్యాయంగా అయితే సగం మీసం తీయాల."

"చిన్నాయనా!" అని శివశంకర్ రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు.

కృష్ణవేణమ్మ కొంగుతో చెమట తుడుచుకుని తీర్పు చెప్పింది. "మిషన్లు చప్పుడు చేస్తాయి, గిన్నెలు చప్పుడు చేస్తాయి, మీరూ చేస్తాండారు. బల్లి పలుకుతాది. చప్పుడు వేరే, పలుకు వేరే. అల్లుడి మీసం ఉండనీ."

ప్రదీప్ సాష్టాంగం పడ్డాడు. లేచి చొక్కా దులుపుకుంటూ మాత్రం ఒక పుల్ల పెట్టాడు. "సరే, పలుకే. అయితే ఆ బల్లిని కదిలించగూడదు బావా. పెట్టె తెరిచి తరిమినావంటే, అది వట్టి చప్పుడేనని నువ్వే ఒప్పుకున్నట్టు. మీసం నారాయణ కత్తికే."

"సాక్షిని గెంటే పాపం మనకెందుకు?" అంది తల్లి.

సోమవారం వెళ్ళవలసిన కృష్ణవేణమ్మ జూన్ దాకా ఉండిపోయింది. వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మద్దమ్మ పెట్టె ముందు కూర్చుని "మా చేలో బోరు వేస్తే నీళ్ళు పడతాయి" అని చెప్పి మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. పెట్టె ఉలకలేదు. హనుమంతమ్మ "మా కోడలు నా మీద చాడీలు చెప్తాది" అన్నదో లేదో కిచ్‌కిచ్. కోడలు సాయంత్రం బస్సుకు పుట్టింటికి పోయింది.

పలుకు వినపడాలని ఫ్యాను వేయనివ్వరు. సినిమా సరేసరి. ఒకనాడు తెర మీద దుర్మార్గుడు 'నేనే పాపం ఎరగను' అంటుండగా పెట్టె పలికింది. ఇక చివరిదాకా కృష్ణవేణమ్మ వాడి పక్షమే. ఆ రోజుతో సినిమాలు నిషేధం. పెట్టెను ఆపనైనా ఆపుదామంటే బల్లికి చలి వేస్తుందట, మే నెలలో, నందికొట్కూరులో. శివశంకర్ మీసం దువ్వుకుంటూ మా ఇంటికొచ్చి, పిండిమరలా మోగే మా పాత టీవీలో సినిమాలు చూసేవాడు. బల్లిని తిట్టబోయినప్పుడల్లా చెయ్యి మూతి మీదికి పోయేది.

జూన్‌లో పలుకులు బాగా ఎక్కువై, ఒక శనివారం ఒక్కసారిగా ఆగిపోయాయి. తెర నల్లబడింది. బల్లి అలిగిందని వీధి తీర్మానించింది. కృష్ణవేణమ్మ, యామిని గుడికి వెళ్ళగానే వాడు నన్ను పిలిచాడు. ఇద్దరం కలిసి పై బండ జరిపాం. పొయ్యి మీది మూత తీసినట్టు సెగ కొట్టింది.

బల్లి లేదు. దాని రెట్ట కూడా లేదు. లోపల ట్యూబు పట్టీలు మెత్తబడి జారాయి, హార్డ్ డిస్కు ఒక మూలకు ఒరిగింది. శివశంకర్ దాన్ని తాకి వేలు నోట్లో పెట్టుకున్నాడు. వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. డిస్కు ఒక చుట్టు తిరగబోయింది.

కిచ్. కిచ్.

తర్వాత అది కూడా లేదు.

శివశంకర్ వీధి తలుపు వైపు ఒకసారి చూశాడు.

"చిన్నాయనా, నువ్వేం వినలే కదా?"

"విన్నా ఏం లాభంరా? నేను నిజం చెప్తే నమ్మేవాడు ఈ ఊర్లో ఇంకా పుట్టలే."

పై బండ ఎలా ఉన్నది అలా పెట్టాం. వాడు భుజం మీద తువ్వాలు వేసుకుని గబగబా మా ఇంటివైపు నడిచాడు.

"మీ ఇంట్లో బల్లులుండాయా? అత్తమ్మ గుడి నుంచి వచ్చేలోగా పెట్టెలో ఒకటి పడాల."

"శానా ఉండాయి. కానీ నా ఇంట్లో పెరిగినవి. నిజం పలుకుతాయని నమ్మకం లేదు."

వాడు వినే స్థితిలో లేడు. స్టూలెక్కి, క్యాలెండరు వెనక చెయ్యి పెట్టి, తువ్వాలు విసిరి ఒక్క పట్టు పట్టాడు. బల్లి దూలం మీదికి పాకిపోయింది. వాడు మెల్లగా పిడికిలి విప్పాడు. అరచేతిలో తోక ఒకటే ఎగిరెగిరి పడుతోంది.

"చిన్నాయనా, ఇది పలుకుతాదా?"