మొదటి రకం ఇల్లు

పురపాలక ఆఫీసు వాళ్లు ఇల్లు కొలవడానికి వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ మాస్టారి భార్యది ఒకటే పోరు.

"ఆ మనిషి ముందు నోరు విప్పకండి. మన ఇల్లు పాత రకం కిందే ఉండాలి. మొదటి రకంలో పడిందో, పన్ను మూడింతలు. మీ మేడగది అద్దెకివ్వక తప్పదు."

రిటైరైన డ్రాయింగు మాస్టారికి ఆ గదే లోకం. అందాన్ని చూసే కన్ను తనకు తప్ప ఎవరికీ లేదని ఆయన నమ్మకం. రోజంతా అక్కడ ఒంటరిగా కూర్చుని ఆ నమ్మకాన్నే మేపుకుంటూ ఉంటాడు.

కొలతల మనిషి వచ్చాడు. మాసిన చొక్కా, చేతిలో టేపు. నిలువు గీత గీయమంటే పామును గీసే రకం, అనుకున్నాడు మాస్టారు.

అతను గోడను వేలి కణుపుతో కొట్టి పెదవి విరిచాడు.

"ఇల్లన్నారు. గోదాములా ఉందేంటి మాస్టారూ?"

మాస్టారి చెవులు వేడెక్కాయి. ఇంటిని అన్న మాట నేరుగా తన మొహానికే తగిలింది. తన గురించి చెప్పుకోవడానికి ఆయనకు ఇంకేం మిగిలింది గనక? వంటింటి గుమ్మంలోంచి భార్య కళ్లతోనే వద్దంది.

"తలుపు పాత పెట్టెల చెక్కేనా?"

"టేకు," అన్నాడు మాస్టారు.

"ఓహో. నేల మాత్రం నాసిరకం."

"పాలిష్ పట్టించిన రాయి అది. నీకేం తెలుసు? మేడ మెట్లు చూశావా? ఆ వంపు నేను గీసిచ్చిందే. ఈ వీధిలో ఇంకెవరింట్లోనైనా ఉందా?"

"లేదండీ," అన్నాడతను వినయంగా, అన్నీ రాసుకుంటూ. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాస్టారు చూపు తిప్పుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ అతను ఆవిడతో అన్నాడు. "టేపుతో తేలేది సగమేనమ్మా. మిగతా సగం ఇంటాయనే చెబుతారు."

పదిరోజులకు నోటీసొచ్చింది. మొదటి రకం. అభ్యంతరం రాసుకోవడానికి ఒక ఫారం కూడా జత చేశారు.

"గోదాములా ఉంటుందని రాయండి," అంది భార్య. "అతనన్న మాటేగా, మీకేం పోయింది?"

మాస్టారు రాశాడు. 'ఇల్లు పాతది. గోడలకు చెమ్మ. తలుపు మామూలుదే గానీ' దగ్గర కలం ఆగిపోయింది.

"ఆ 'గానీ' కొట్టేయండి."

"కొట్టివేత ఉంటే కాగితం అసహ్యంగా ఉంటుంది."

ఆవిడ ఆ ఫారం లాక్కుని మడిచి పక్కన పడేసింది. తర్వాత మేడెక్కి ఆయన కుర్చీని కిందికి దింపుకొచ్చింది. ఒక అట్టముక్క తెచ్చి ఆయన ముందు పడేసింది.

"చేతిరాత బాగుంటుందిగా. అద్దెకు గది అని రాయండి."

స్కేలుతో గీతలు కొట్టుకుని, రంగులు కలుపుకుని, మధ్యాహ్నమంతా రాశాడు. ఇంత అందమైన బోర్డు ఈ వీధికి ఎక్కువేనని కూడా అనుకున్నాడు. ఆవిడ వచ్చి చూసేసరికి, 'అద్దెకు గది' కింద మిగిలిన కాస్త జాగాలో ఎర్ర అక్షరాలు ఇంకా ఆరుతున్నాయి: టేకు తలుపు.