ఆకుపచ్చ కాలర్ల పటాలం

జనవరి రెండో ఆదివారం, బల్ల మీద బొమ్మ యుద్ధాలు ఆడే మావాళ్ళకు పుస్తకాల ఆదివారం. చర్చి వెనక హాల్లో ఒక మూల టీ నీళ్ళు మరుగుతుంటే, ఒక్కొక్కరూ లేచి తమకు ప్రాణమైన యుద్ధం పుస్తకంలోంచి ఒకే ఒక్క పేజీ చదువుతారు. ఏ పుస్తకానికి ఎక్కువ చేతులు లేస్తే దానిలోని యుద్ధాన్ని మార్చి నెలలో బల్ల మీద పరుస్తారు. వేలి కణుపంత సీసపు సైనికులు, అట్టతో చేసిన కొండలు, నీలం రంగు పూసిన చెక్కముక్కల ఏరు, దూరం కొలిచే టేపు, పాచికలు. ఆడేవాళ్ళందరూ యాభై దాటిన మగవాళ్ళే. భార్యల్లో ఆ హాలు గడప తొక్కేదాన్ని నేనొక్కదాన్నే.

మా ఆయన నార్మన్ ఇరవై రెండేళ్ళుగా ఒకే పుస్తకం పట్టుకెళ్తున్నాడు. 'ఏటి ఒడ్డున సార్జంటు' అనే నవల. దాని అట్ట ఊడిపోతే పాత కర్టెను గుడ్డ అంటించి నేనే కుట్టాను. స్పెయిన్‌లో ఒక ఏరు, దాని మీద వంతెన, దాన్ని దాటవలసిన ఎర్రకోట్లు తొడిగిన ఇంగ్లీషు పటాలం, అందరికంటే ముందు నడిచే ముసలి సార్జంటు. పొగమంచులో ఆయన వంతెన మధ్యదాకా వెళ్ళి అక్కడే పడిపోతాడు. ఇరవై రెండేళ్ళూ ఆ పుస్తకం ఓడిపోయింది.

"కథలు రాసేవాడికేం బాతూ, పొద్దున లేచి ఏది తోస్తే అది రాస్తాడు" అనేవాడు క్లైవ్. మా ఇంగ్లండు ఊరు లాంగ్ ఈటన్‌లో ఆడామగా తేడా లేకుండా ముద్దుగా పిలుచుకునే మాట అదే, అందరం ఒకరికొకరం బాతులమే. క్లైవ్ నార్మన్‌కి బడి నాటి నుంచీ స్నేహితుడు. అతను తెచ్చేవన్నీ ఇటుకల్లాంటి చరిత్ర పుస్తకాలు. కోటు గుండీ ఒకటి ఎక్కువైనా అతనికి ఆ రోజు అన్నం సహించదు.

ఈ జనవరిలో నార్మన్ తన పేజీ చదవలేకపోయాడు. రెండేళ్ళుగా అతని చూపు మధ్యలో ఒక మసక మచ్చ పెరుగుతోంది. అంచుల్లో మాత్రమే కాస్త కనబడుతుంది. నా మొహం చూడాలంటే నా చెవి పక్కకు చూస్తాడు. రంగులన్నీ నానబెట్టిన టీ ఆకులా ఉన్నాయంటాడు. వచ్చే ఏడాదికి ఈపాటి చూపు కూడా ఉండకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి ఆ పేజీ నేను చదివాను. వంతెన పేజీయే. చదువుతుంటే హాలు కిటికీల అవతల కాలువ మీది మంచు లోపలికి వచ్చినట్టయింది. 

పధ్నాలుగు చేతులు లేచాయి. చివరిది క్లైవ్‌ది.

"ఒక్క షరతు" అన్నాడు చెయ్యి దించకుండానే. "నీ సీసపు పటాలం కాలర్లు, మణికట్టు పట్టీలు ఆకుపచ్చ. ఆ నవలవాడు అలాగే రాశాడు మరి. ఆ పటాలం చరిత్ర రాసిన కర్నలుగారి పుస్తకంలో పసుపని స్పష్టంగా ఉంది, అదే వెయ్యాలి. పేజీ కూడా చెప్పనా?"

"ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నావుగా" అన్నాడు నార్మన్.

ఇంటికి వచ్చాక నార్మన్ బూట్లు విప్పుతూ నా చెవి పక్కకు చూశాడు.

"హేజెల్, వాటికి పసుపు వేసి పెట్టవా? క్లైవ్ చెప్పిందే నిజం. నాకు తెలుసు, ఎప్పట్నుంచో తెలుసు. ఆ బల్ల మీద నా పటాలం నిలబడేది ఈ ఒక్కసారే. ఆ రోజు ఎవ్వరూ వేలెత్తి చూపించకూడదు."

"వేస్తాలే" అన్నాను.

నూట ఇరవై మంది. మా పెళ్ళయిన మొదటి చలికాలంలో, వాళ్ళమ్మగారి వంటింట్లో, ఆ ఆకుపచ్చ కలిపింది నేనే. నవల్లో 'సాయంకాలపు ఏటి రంగు' అని ఉంది. అది ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. మా కాలువలోంచి జాడీతో నీళ్ళు తెచ్చి కిటికీలో పెట్టుకున్నాం. నేను సన్నటి కుంచెతో కాలర్లు దిద్దుతుంటే నార్మన్ ఆ నవల పైకి చదివేవాడు. బయట వాన. లోపల రంగు వాసన, ఉడుకుతున్న బఠానీల వాసన. రెండు నెలలు పట్టింది. సార్జంటు చనిపోయిన రోజున నా కుంచె పక్కకు జారి, ఒకడి గడ్డానికి కూడా ఆకుపచ్చ అంటింది. అది ఇప్పటికీ ఉంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పసుపు డబ్బా మూత తెరిచాను. నార్మన్ ముందు గదిలో కునుకు తీస్తున్నాడు. మొదట సార్జంటునే తీసుకున్నాను. కాలరు మీద పసుపు గీత పడగానే అతను ఎవరో కొత్త మనిషిలా నా వైపు చూశాడు. అరచేతిలో మా పాత వంటిల్లు, ఆ జాడీ, ఆ వాన ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టు అనిపించింది. గుడ్డను రంగు చెరిపే నూనెలో ముంచి ఆ పసుపు తుడిచేశాను. మూత పెట్టేశాను. తక్కినవాళ్ళను ముట్టుకోలేదు.

"ఎంతవరకు వచ్చింది?" అని నార్మన్ రోజూ అడిగేవాడు.

"సగమయ్యారు" అన్నాను ఒక వారం. "అయిపోయారు" అన్నాను ఇంకో వారం. నలభై ఏళ్ళలో అతనితో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. ప్రతి సాయంత్రం నవల చదివి వినిపిస్తూ, అక్షరాల మధ్య నూట ఇరవై ఆకుపచ్చ కాలర్లు నన్నే చూస్తున్నట్టు తడబడేదాన్ని. రేపు బల్ల మీద పరిచాక క్లైవ్ నోరు తెరుస్తాడు. నార్మన్ తల వంచుకుంటాడు. అతను కోరిన ఒక్క రోజునూ నా చేతులతో నేనే పాడు చేశాను. అయినా పసుపు డబ్బా వైపు చెయ్యి వెళ్ళలేదు.

మార్చి ఆదివారం హాల్లో ఎండ పాలలా పల్చగా ఉంది. బల్ల పరిచారు. నీలం ఏరు, బూడిదరంగు వంతెన. మంచు కోసం ఎవరో దూది పింజలు కూడా తెచ్చారు. నేను పెట్టె తెరిచి పటాలాన్ని ఒడ్డున వరసగా నిలబెట్టాను. 

క్లైవ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి వంగాడు. ఒకణ్ణి తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు. గడ్డానికి ఆకుపచ్చ అంటినవాడే దొరికాడు ఖర్మ కొద్దీ.

"ఏం క్లైవ్" అన్నాడు నార్మన్, బల్ల అంచు పట్టుకుని ఎటో చూస్తూ. "పసుపు ఎలా కుదిరింది?"

క్లైవ్ నా వైపు చూశాడు.  చుట్టూ ఉన్న పన్నెండు మందీ తమ తమ టీ కప్పుల్లోకి చూసుకుంటున్నారు. క్లైవ్ కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. 

"బాగుంది బాతూ" అన్నాడు. "కర్నలుగారు రాసిన పసుపే. అచ్చు."

నార్మన్ భుజాలు కదలసాగాయి. ఏడుస్తున్నాడేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. పడీపడీ నవ్వుతున్నాడు.

"విన్నారా అందరూ? కోటు రంగు విషయంలో క్లైవ్ అబద్ధమాడాడు! కాగితం మీద రాసి తేదీ వెయ్యండి!"

"ఓరి ముసలి దొంగా, నీకు తెలుసా?" అన్నాడు క్లైవ్.

"కళ్ళు పోయాయి గాని ముక్కు పోలేదు. ఇల్లు రంగు వాసన కొట్టింది ఒక్క మధ్యాహ్నం. ఒక్క మధ్యాహ్నంలో నూట ఇరవై మందా? మా హేజెల్ వల్ల కూడా కాదు." నా చెవి పక్కకు తిరిగాడు. "నువ్వెప్పుడు చెబుతావా అని ఎదురుచూస్తున్నాను."

"నా వల్ల కాలేదు నార్మన్."

"హమ్మయ్య" అన్నాడు మెల్లిగా. "వేసేయమన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వద్దని చెప్పడానికి సిగ్గేసింది."

క్లైవ్ ఆ గడ్డం ఆకుపచ్చవాణ్ణి తిరిగి వరసలో పెట్టాడు. "సరే, వీళ్ళు తప్పే. కానీ తప్పులో నీటుగా ఉన్నారు" అని టేపు తీశాడు.

ఆట మొదలయింది. నేను సైనికులను జరుపుతుంటే నార్మన్ వేళ్ళతో తడిమి వరస చూసుకునేవాడు. దూది మంచులోంచి ఎర్రకోట్లు ఒక్కొక్కటే వంతెన దగ్గరికి వచ్చాయి. ఆ పల్చని ఎండలో వాళ్ళు నిజంగానే ఊపిరి పీలుస్తున్నారనిపించింది నాకు. ముందు సార్జంటు. వంతెన మధ్యలో అతని వంతు వచ్చింది. పాచిక నాలుగో, అంతకంటే ఎక్కువో పడితే అవతలి ఒడ్డుకు చేరతాడు. ఇన్నేళ్ళలో మా వంటింటి బల్ల మీద నార్మన్ నాలుగుసార్లు వేశాడు, ఒక్కసారీ చేర్చలేకపోయాడు.

నార్మన్ వేసిన పాచిక దొర్లి ఏటి పక్కన ఆగింది. అందరూ నావైపే చూశారు. ఎవరూ ఒక్క మాట అనరని నాకు తెలిసిపోయింది. క్లైవ్ అయితే ముందే తల పక్కకు తిప్పుకున్నాడు. పడింది తక్కువే అయినా, నేను ఐదు అంటే ఐదే.

"ఎంత?" అన్నాడు నార్మన్.

ఆ వంటింట్లో వాన చప్పుడు వినిపించింది.

"రెండు" అన్నాను.

అతను తల ఊపాడు. "అంతేలే. పుస్తకంలోనూ అంతేగా." చెయ్యి చాచి వెతికాడు. ఆ చెయ్యి పట్టుకుని సార్జంటు దగ్గరికి తీసుకెళ్ళాను. నార్మన్ అతణ్ణి జాగ్రత్తగా వంతెన మీద పడుకోబెట్టాడు. కాలరు మీద బొటనవేలు ఒక్క క్షణం ఆగింది.

"వెనకవాళ్ళెంతమంది?" అన్నాడు.

"నూట పంతొమ్మిది."

"అయితే పద, వాళ్ళని దాటిద్దాం."