పేరులో ఒక గుర్తు

తుఫాను వెళ్లిపోయాక ద్వీపదేశ రాజధాని నుకుఅలోఫాలోని సహాయ కార్యాలయంలో సెమిసీకి ఒకటే పని. దీవుల్లోని శిబిరాల నుంచి వచ్చిన టెక్స్ట్ ఫైళ్లలో, కనబడకుండా పోయినవాళ్ల పేర్లు వెతకడం.

లూపే అనే పెద్దావిడ తన తమ్ముడు మా'అఫు కోసం వచ్చింది. సెమిసీ కంప్యూటర్లో ఆ పేరు కొట్టాడు. ఏమీ రాలేదు.

"లేడమ్మా."

"ఇంకోసారి చూడు నాయనా. మా పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు."

"మిషన్‌కి చత్వారం రాదమ్మా. ఉంటే చూపించేది."

వరసలో ఎవరో నవ్వారు. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పక్క సీటు కలేసితా అతని తెర వైపు చూసింది. "పేరు మధ్యలో గొంతు నొక్కి పలికేచోట ఆ కామాలాంటి గుర్తు పెట్టే వెతుకుతున్నావా?"

"సరైన రాత అదే కదక్కా."

"వానలో తడుస్తూ ఫోన్లో కొట్టేవాడు గుర్తులు పెడతాడా? దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టు. అప్పుడు గుర్తు ఉన్నా సరే, లేకున్నా సరే, మిషన్ పట్టుకుంటుంది."

ఆ కిటుకు సెమిసీకి తెలియనిది కాదు. తనే నలుగురికి నేర్పాడు. మార్చి వెతికాడు. వవావు దీవి శిబిరంలో మాఅఫు ఉన్నాడు, కాలు విరిగి.

లూపే ఇంట్లో అందరూ నల్లబట్టల్లో, చావు దుఃఖానికి గుర్తుగా నడుముకు చాపలు చుట్టుకుని కూర్చున్నారు. సెమిసీ గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు.

"మీ తమ్ముడు బతికే ఉన్నాడమ్మా. నేనే సరిగ్గా వెతకలేదు."

లోపల సంతాపపు పాట ఆగింది. ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. లూపే లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. తిట్టినా బాగుండును అనిపించింది అతనికి.

"నా వెనక వరసలో ఉన్నవాళ్లకీ లేరనే చెప్పి ఉంటావుగా," అంది. "వాళ్ల సంగతి?"

ఆ ఆలోచనే అతనికి రాలేదు.

"ఇక్కడ కూర్చుంటే ఏమొస్తుంది? లే, వెళ్లి చూడు."

పేర్లన్నీ మళ్లీ వెతికాడు. కొందరు దొరికారు, చాలామంది దొరకలేదు. ఏ కబురైనా తనే ఇంటింటికీ మోసుకెళ్లాడు. దొరికినవాళ్ల తాలూకు మనుషులు కౌగిలించుకుంటే సిగ్గుతో ముడుచుకుపోయాడు.

కొడుకు జాడ తెలియని ఒక ముసలాయన నెమ్మదిగా అడిగాడు. "ఈసారి బాగా చూశావా బాబూ?"

వెటకారం కాదది. సెమిసీ తలూపాడు.