నాలుగో పళ్ళెం

కోడలు అలవాటుకొద్దీ నలుగురం వస్తామని చెప్పింది. ఆయన పోయి ఐదు నెలలైనా బయటికి వెళ్ళాలంటే మా లెక్క ఇంకా నలుగురే. ముందుగా చెప్పిన తలలకు సరిపడానే వండే చోటు అది. ఐదే బల్లలున్న చిన్న ఇటాలియన్ హోటలు. పాలు, వెన్న, గుడ్లు దగ్గరికి రానివ్వరట, చీజ్ కూడా నానబెట్టిన జీడిపప్పుతోనే చేస్తారట. ఒక గోడ నిండా వైన్ సీసాలు. పట్టపగలే దీపాలు పెట్టారు. వడ్డించే అమ్మాయి వచ్చి, నాలుగో పళ్ళెం తీసేయమంటారా అని అడిగింది. అబ్బాయి నా వంక చూశాడు, కోడలు అబ్బాయి వంక చూసింది. తీసెయ్యమనడానికి ముగ్గురిలో ఎవరికీ నోరు రాలేదు. నా ఎదుటి ఖాళీ కుర్చీ ముందు కూడా వేడివేడి పాస్తా పెట్టి వెళ్ళింది.

"మామయ్యగారైతే ఈపాటికి ఉప్పు తక్కువైందనేవారు, నోట్లో పెట్టకుండానే," అంది కోడలు.

నవ్వాం. నేను మాత్రం ఫోర్కు ముట్టుకోలేదు. నలభై మూడేళ్ళు ఆయన మొదటి ముద్ద మింగి తల ఊపేదాకా గోడవారగా నిలబడ్డదాన్ని. ఆయన అన్నం పొగలు కక్కాలి, నాది అడుగంటినదైనా చల్లారినదైనా ఒకటే. ఆడవాళ్ళకి ఆకలి ఆలస్యంగా పుడుతుందని చుట్టాల ముందు అనేవారు. అందరూ నవ్వేవారు. వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని. మా ఇంట్లో కోడళ్ళు తింటున్న చప్పుడు ఎవరూ వినలేదని మా అత్తగారు గొప్పగా చెప్పుకునేది.

అబ్బాయి అసలు సంగతికి వచ్చాడు. ఒక్కదాన్నీ ఉండి సరిగ్గా తినడం లేదట నేను. కోడలికి నెలలు నిండుతున్నాయి, వంటమనిషిని పెట్టుకున్నా నా చేతి రుచి రాదట. నా ఇంటికి అద్దెవాళ్ళను కూడా చూసి పెట్టాడు, ఇవాళ సరేననడమే తరువాయి.

"నువ్వుంటే వంటింటి బెంగ ఉండదమ్మా మాకు," అన్నాడు.

జవాబు చెప్పబోతూ బల్ల వంక చూశాను. మా మూడు పళ్ళేలూ చల్లారిపోయాయి. నాలుగోదాంట్లోంచి మాత్రం ఇంకా ఆవిరి లేస్తోంది, ఇప్పుడే దించినట్టు.

"ఏమే."

ఆయన గొంతే. గట్టిగా కాదు, పక్కగదిలోంచి పిలిచినట్టు. మోకాళ్ళు వాటంతట అవే లేచాయి.

"ఎక్కడికి అత్తయ్యా?"

"పిలిచినట్టయితేనూ."

"ఎవరూ పిలవలేదమ్మా," అన్నాడు అబ్బాయి.

ఆయన పోయిన రోజూ మధ్యాహ్నమే. మంచం మీదున్న ఆయనకు ముందే జావ పట్టేశాను కాబట్టి పొయ్యి మీంచి దించిన అన్నం మొదటిసారి నాకు దక్కింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, పిలిచారు. వినపడలేదని పిల్లలకు చెప్పాను. వినపడింది. రోజూ పిలిచే పిలుపు కాదనీ తెలిసింది. తెలిసే, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళేసరికి ఆయన లేరు. అప్పట్నుంచీ వేడి అన్నం నా గొంతు దిగదు. వీళ్ళు దాన్ని దిగులనుకుంటున్నారు.

"నేను రానురా," అన్నాను.

"అదేంటమ్మా, మరి..." అంటూ అబ్బాయి వేళ్ళు మడుస్తున్నాడు. కాన్పు, పథ్యం, పసిబిడ్డ. ఆ వేళ్ళను దాటి చెయ్యి చాపి నాలుగో పళ్ళెం నా ముందుకు లాక్కున్నాను. మొదటి ముద్దకే నాలుక కాలింది. మింగాను.

"ఏమే," అన్నారు ఆయన మళ్ళీ, ఈసారి కుర్చీలోంచే.

ఇంకో ముద్ద తీసుకుంటూ, పిల్లలిద్దరూ చూస్తుండగానే, ఆ కుర్చీతో చెప్పాను.

"ఉండండి. తిని వస్తాను."