రోజుకొక మిల్లీమీటరు

మా అమ్మాయి ఫొటో ఫ్రేముల దుకాణంలో అద్దాలు కోస్తుంది. మూడు నెలల కిందట అద్దం జారి, మోచేతికి కాస్త కింద నరం తెగింది. డాక్టరమ్మ కుట్టింది గానీ చిటికెన వేలు, దాని పక్క వేలు కట్టెల్లా ఉండిపోయాయి.

"నరకణానికి ఒళ్ళు చిన్నది, తోక పొడుగు," అని ఫిజియోథెరపీ ఆవిడ బొమ్మ గీసింది. "ఒళ్ళు మెడ దగ్గర, తోక కొస వేలి దగ్గర. తెగినచోటికి కింద తోక చచ్చిపోయింది. కొత్తది రోజుకొక మిల్లీమీటరు పెరుగుతూ పాత గొట్టంలోంచే దిగాలి."

నేను స్కూలు యూనిఫాంలు కుట్టేదాన్ని. లాగుకి బొందు ఎక్కించేటప్పుడు మధ్యలో ముడి పడితే ఇక కదలదు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

"మరి కబురెలా వెళ్తుందమ్మా?" అని ఆవిడనే అడిగాను.

"తోక వెంట కరెంటులా పరుగెడుతుంది. కణానికీ కణానికీ మధ్య సన్నని సందుంటుంది. ఇవతలి కణం అందులోకి మందు చుక్కలాంటిది వదిలితే అవతలిది అందుకుంటుంది."

వారానికోసారి మచ్చ నుంచి కిందికి వేలితో తట్టుకుంటూ రమ్మంది. కొత్త కొస ఉన్నచోట తడితే చిటికెన వేల్లో జివ్వుమంటుందట. అమ్మాయి కళ్ళు మూసుకునేది, నేను తట్టి, అది ఆ అన్నచోటికి టేపుతో కొలిచి పుస్తకంలో రాసేదాన్ని. ఏడున్నర సెంటీమీటర్లు దిగింది.

ఇవాళ ఆస్పత్రికి బయలుదేరుతూ ఇంకోసారి చూద్దామని కూర్చోబెట్టాను. కంగారులో వేలి కంటే ముందు నోరు కదిలింది.

"జివ్వుమందా?"

"ఆ, అందమ్మా."

నా వేలు ఇంకా గాల్లోనే ఉంది.

దారిలో దాన్ని అడగబోయి ఆగాను. అడిగితే నిజం వినాలి. అడక్కపోతే చెయ్యి పోతుందేమో.

డాక్టరమ్మ పుస్తకం చూసి మెచ్చుకుంది. "ఇలాగే దిగితే ఆపరేషన్ అక్కర్లేదు. ఆగిపోయి ఉంటే మాత్రం ఇప్పుడే మళ్ళీ కోసి చూడాలి. ఆలస్యమైతే చేతి కండ ఎండిపోతుంది. తర్వాత నరం వచ్చినా పలికే కండ ఉండదు."

అమ్మాయి నా మొహంలోకి చూసి, చెయ్యి చాపి కళ్ళు మూసుకుంది.

"ఆ పుస్తకం నమ్మకండి డాక్టరమ్మా," అన్నాను. "పొద్దున నేను ముట్టుకోకుండానే జివ్వుమంది దీనికి."

అమ్మాయి కళ్ళు తెరిచింది. "మరేం చెయ్యను? లేదంటే రెండు రోజులు అన్నం మానేస్తావు. నా చెయ్యి చూసుకోనా, నిన్ను చూసుకోనా?"

దానికి నా మొహం కనపడకుండా బయటికెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను.

"ఈసారి మణికట్టు నుంచి పైకి వస్తాను," అంది డాక్టరమ్మ. లోపల తట్టడం మొదలైంది.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదండీ."

ఎన్ని లేదులో. ఆఖరికి "మచ్చ మీదే జివ్వుమంటోంది. ఒక్క వేలెడు కూడా దిగలేదు," అంది అమ్మాయి.

డాక్టరమ్మ నన్ను పిలిచి, ఈ వారమే ఆపరేషనంది. "ఈ మాట ఇంకో రెండు నెలలకి తెలిసుంటే నేను చెయ్యగలిగింది పెద్దగా ఉండేది కాదు."

కాగితాల కోసం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

"నాకు భయంగా ఉందమ్మా," అంది అమ్మాయి.

మూడు నెలల్లో ఆ మాట నాతో అనడం అదే మొదలు. ఏం కాదులే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"దేనికో చెప్పు," అన్నాను. "వింటాను."